ఆట కొన్నాక కూడా జేబుకు చిల్లే: ఈఏ కంపెనీ అంటే గేమర్లకు ఎందుకంత కోపం?

మొన్న రంజాన్ ఈద్ మరుసటి రోజు మా చెల్లెలి కొడుకు ముఖం వేలాడేసుకుని ఓ మూల కూర్చున్నాడు. పదకొండేళ్ల పిల్లాడు. మామూలుగా ఈద్ తెల్లారి వాడి హడావుడి అంతా ఇంతా కాదు. ఏమైంది బేటా అంటే చెప్పడు. సాయంత్రానికి వాళ్ల అమ్మీ సంగతి బయటపెట్టింది. నానా, నానీ, ఫుప్పూ, చాచా ఇచ్చిన ఈదీ మొత్తం, నేనిచ్చింది కూడా కలిపి రెండు వేల పైచిలుకు, అన్న ఫోన్‌లో వేయించుకుని ఒక ఫుట్‌బాల్ గేమ్‌లో ప్యాకెట్లు తెరిచాడట. వాడికి కావాల్సిన ఆటగాడు ఒక్క ప్యాకెట్‌లోనూ రాలేదు. "మామూ, ఇంకొక్కటి తెరిస్తే వచ్చేవాడే" అన్నాడు నాతో. ఈ మాట నేను ఇదివరకు పేకాట దగ్గర కూర్చున్న పెద్దవాళ్ల నోట విన్నాను. పదకొండేళ్ల పిల్లాడి నోట వినడం మాత్రం ఇదే మొదలు.

ఆ గేమ్ పేరు, దాన్ని నడిపే కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఈ కథనంలో చెప్పబోయే కంపెనీది కాదది. కానీ లోపల ఏముందో తెలియని ప్యాకెట్‌ను డబ్బుకు అమ్మే ఈ వ్యాపారాన్ని ఆటల్లో ఇంత పెద్దది చేసినవాళ్లలో ముందువరసలో ఉన్నది అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. అందరూ ఈఏ అంటారు. ప్రపంచంలో అతిపెద్ద గేమ్ కంపెనీల్లో ఇదొకటి. విచిత్రం ఏమిటంటే, ఈ కంపెనీని అందరికంటే ఎక్కువగా తిట్టేది దాని ఆటలు ఆడేవాళ్లే.

మనకు ఈ పేరు కొత్తేమీ కాదు. ఇరవై ఏళ్ల కింద హైదరాబాద్‌లోనో, కర్నూలులోనో, గుంటూరులోనో నెట్ సెంటర్‌లో గంటకు ఇంతని కట్టి కూర్చున్నవాళ్లకు క్రికెట్ 07, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ గుర్తుండే ఉంటాయి. రెండూ ఈఏవే. ఆ క్రికెట్ ఆట 2006 చివర్లో వచ్చింది. ఆ తర్వాత ఈఏ మళ్లీ క్రికెట్ వైపు చూడలేదు. మన కుర్రాళ్లు మాత్రం కొత్త జెర్సీలు, కొత్త ఆటగాళ్ల పేర్లు తామే చేర్చుకుంటూ ఏళ్ల తరబడి ఆ పాత ఆటే ఆడారు. హైదరాబాద్‌లో ఈఏకు పెద్ద ఆఫీసు కూడా ఉంది. మన పిల్లలు అక్కడ ఇంజినీర్లుగా, టెస్టర్లుగా పనిచేస్తున్నారు. కింద రాసినవి వాళ్లు తీసుకున్న నిర్ణయాలు కావు, ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

కళాకారుల కంపెనీ

ఆపిల్‌లో పనిచేసి వచ్చిన ట్రిప్ హాకిన్స్ 1982లో ఈఏ మొదలుపెట్టాడు. అప్పట్లో ఆట తయారుచేసిన వాడి పేరు ఎవరికీ తెలిసేది కాదు. హాకిన్స్ మాత్రం వాళ్లను కళాకారులన్నాడు. పాటల రికార్డు అట్టలాంటి డబ్బాలో ఆటను పెట్టి, దాని మీద తయారుచేసినవాళ్ల పేర్లు, ఫొటోలు వేశాడు. కంపెనీ పేరులోని ఆర్ట్స్ అనే మాట అందుకే వచ్చింది.

ఇరవై రెండేళ్లు గడిచాక, 2004లో, అదే కంపెనీ ఉద్యోగికి కాబోయే భార్య ఒకరు పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో ఒక బహిరంగ లేఖ పెట్టింది. వారానికి ఆరు రోజులు, ఏడు రోజులు, రోజుకు పన్నెండు గంటలకు పైగా పని, ఓవర్‌టైం లేదు, కంప్ ఆఫ్ లేదు, మనిషి ఇంటికొచ్చేసరికి తలనొప్పి, కడుపునొప్పి తప్ప ఏమీ మిగలడం లేదు అని రాసింది. ఆ లేఖ కార్చిచ్చులా పాకింది. ఓవర్‌టైం డబ్బు కోసం ఉద్యోగులు వేసిన కేసుల్లో ఈఏ ఆర్టిస్టులకు 1.56 కోట్ల డాలర్లు, ప్రోగ్రామర్లకు 1.49 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. గల్ఫ్‌లో, ఐటీలో పనిచేసేవాళ్లున్న ఇళ్లకు ఈ లేఖలోని బాధను విడమరచి చెప్పక్కర్లేదు.

గేమర్ల కోపానికి ఇంకో పాత కారణం, చిన్న స్టూడియోలను కొనడం, కొన్నాళ్లకు తాళం వేయడం. అల్టిమా ఆటలు చేసిన ఆరిజిన్‌ను 1992లో కొంది, 2004లో మూసింది. ఇంగ్లాండ్‌లోని బుల్‌ఫ్రాగ్‌ను 1995లో కొంది, 2001లో మూసింది. కమాండ్ అండ్ కాంకర్ చేసిన వెస్ట్‌వుడ్ 1998లో చేతికొచ్చింది, 2003లో పోయింది. పాండెమిక్ రెండేళ్లు కూడా నిలవలేదు. డెడ్ స్పేస్ చేసిన విసరల్ 2017లో మూతపడింది. వ్యాపారంలో కొనడం, మూయడం ఉండేవే, అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ ఆడేవాడి వైపు నుంచి చూడండి. మీ వీధిలో నలభై ఏళ్లుగా నడుస్తున్న బిర్యానీ హోటల్‌ను ఎవరో కొని, పాత వంటమనిషిని పంపేసి, బోర్డు మాత్రం ఉంచుకుంటే ఎలా ఉంటుంది?

సరిగ్గా అలాంటిదే బుల్‌ఫ్రాగ్ వాళ్ల డంజన్ కీపర్ విషయంలో జరిగింది. 1990ల నాటి ఆ ఆటను 2014లో ఈఏ ఫోన్‌లోకి తెచ్చింది. ఉచితం అంది. తీరా ఆడబోతే నేలలో ఒక్క గడి తవ్వడానికే గంటల తరబడి ఆగాలి, కొన్ని గట్టి గడులకైతే 24 గంటలు. ఆగలేకపోతే డబ్బుపెట్టి రత్నాలు కొనుక్కోవాలి. దీన్ని ఉచితం అని ప్రచారం చేయడం జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని బ్రిటన్‌లోని ప్రకటనల నియంత్రణ సంస్థ అదే ఏడాది తేల్చింది.

పోటీ లేకుండా చేస్తే

2004లో అమెరికాలో ఓ సంగతి జరిగింది. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మీద ఈఏ ఏటా మ్యాడెన్ అనే ఆట తెచ్చేది. ఆ ఏడాది పోటీ కంపెనీ తన ఆటను సుమారు 20 డాలర్లకే అమ్మింది. ఆట కూడా బాగుందని పేరొచ్చింది. ఈఏ కూడా తన ధర 30 డాలర్లకు దించాల్సి వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే ఎన్‌ఎఫ్‌ఎల్‌తో ప్రత్యేక ఒప్పందం కుదుర్చుకుంది. జట్ల పేర్లు, ఆటగాళ్ల పేర్లు, స్టేడియాలు ఇక ఈఏ ఆటలో తప్ప వేరేవాళ్ల ఆటలో ఉండకూడదు. పోటీదారు ఆట ఆ ఏడాదితో ఆగిపోయింది, మ్యాడెన్ ధర మళ్లీ పైకెళ్లింది. మన దగ్గర ఐపీఎల్ జట్ల పేర్లన్నీ ఒకే కంపెనీ రాయించుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దీని మీద కొనుగోలుదారులు గుత్తాధిపత్యం కేసు వేశారు. 2012లో 2.7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఏటా ఒకే ఆటకు కొత్త అట్ట వేసి పూర్తి ధరకు అమ్ముతారనే ఆరోపణ ఇక్కడి నుంచే బలపడింది. నింటెండో స్విచ్ మీద కొన్నేళ్ల పాటు ఫిఫా ఆటను లెగసీ ఎడిషన్ పేరుతో అమ్మారు. జట్లు, జెర్సీలు కొత్తవి, ఆట పాతదే. ఆ మాట ఈఏనే చెప్పింది కాబట్టి మోసం అనలేం. కానీ ఆ మాటే కోపం తెప్పించింది.

డబ్బు పెట్టి కొన్న వస్తువు మనదేనా అన్నది ఇంకో గొడవ. 2008లో వచ్చిన స్పోర్ ఆటను మూడు కంప్యూటర్లలో మాత్రమే ఎక్కించుకోవచ్చన్నారు. గోల చేశాక ఐదన్నారు. 2013 మార్చిలో సిమ్‌సిటీ వచ్చింది. ఒంటరిగా కూర్చుని ఊరు కట్టుకునే ఆట అది, దానికీ ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాల్సిందే అన్నారు. విడుదలైన రోజే సర్వర్లు కూలబడ్డాయి. డబ్బు కట్టినవాళ్లు రోజుల తరబడి ఆటలోకి వెళ్లలేకపోయారు. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు కుదరదని మొదట చెప్పి, ఏడాది తర్వాత అదే వీలును తెచ్చి ఇచ్చారు! 2019లో వచ్చిన ఆంథెమ్ అనే ఆట సర్వర్లను 2026 జనవరిలో ఆపేస్తామని 2025లో ప్రకటించారు. సర్వర్ ఆగితే ఆ ఆట ఇక తెరుచుకోదు. కొన్న డిస్క్ మాత్రం అల్మారాలో ఉంటుంది.

ఇలాంటి గొడవలన్నీ కలిసి 2012లో, 2013లో వరుసగా రెండేళ్లు అమెరికాలోని ఒక వినియోగదారుల వెబ్‌సైట్ ఓటింగ్‌లో ఈఏను దేశంలోకెల్లా చెత్త కంపెనీగా నిలబెట్టాయి. రెండుసార్లూ ఫైనల్‌లో ఓడింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. అప్పు కట్టలేక జనం ఇళ్లు పోగొట్టుకున్న రోజులవి. అలాంటి సమయంలో ఒక బ్యాంకు కంటే ఆటల కంపెనీ చెడ్డదని ఓటేయడం నాకైతే అతిగానే అనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో ఓట్లేసేది ఎవరో కూడా ఆ ఫలితం చెబుతుంది. అయినా అంతమంది పనిగట్టుకుని ఓటేశారంటే ఎక్కడో బాగా కాలింది.

ప్యాకెట్‌లో ఏముంది?

ఇక అసలు సంగతికొద్దాం, మన ఇళ్లకు సంబంధించినది ఇదే. 2009లో ఈఏ తన ఫిఫా ఆటలో అల్టిమేట్ టీమ్ అనే విభాగం తెచ్చింది. ఫిఫా సంస్థతో ఒప్పందం ముగిశాక 2023 నుంచి ఆ ఆట పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అయింది గానీ ఈ విభాగం అలాగే ఉంది.

ఇందులో మీ జట్టును మీరే కట్టుకోవాలి. ఒక్కో ఆటగాడు ఒక్కో కార్డు. కార్డులు ప్యాకెట్లలో వస్తాయి. మ్యాచ్‌లు గెలుస్తూ పోతే నాణేలు వస్తాయి, వాటితో ప్యాకెట్ కొనొచ్చు. కానీ అలా కూడబెట్టడానికి చాలా గంటలు పడుతుంది. తొందరుంటే అసలు డబ్బుతో పాయింట్లు కొని ప్యాకెట్ తెరవొచ్చు. లోపల ఎవరొస్తారో ముందు తెలియదు. గొప్ప ఆటగాడు రావొచ్చు, ఎవరికీ అక్కర్లేని పేరు రావొచ్చు. ఎక్కువగా వచ్చేది రెండోదే. ప్యాకెట్ తెరుచుకునేటప్పుడు చీకటి, వెలుగులు, బాణసంచా, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టించే సంగీతం అన్నీ ఉంటాయి. ఇలాంటి వాటినే లూట్ బాక్సులు అంటారు.

ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. ఒకటి, రూపాయికీ ప్యాకెట్‌కూ మధ్యలో పాయింట్లు అనే తెర ఉంటుంది. ప్యాకెట్ మీద రూపాయల లెక్క కనబడకపోతే పిల్లాడికి అది డబ్బులా అనిపించదు. పెళ్లిళ్లలో టోకెన్ ఇచ్చి ఐస్‌క్రీమ్ తీసుకున్నట్టు ఉంటుంది. రెండు, 2018 నుంచి గెలిచే అవకాశం ఎంతో ప్యాకెట్ మీద రాస్తున్నారు. మంచిదే. కానీ అందరూ కోరుకునే ఆటగాళ్ల దగ్గర కనబడేది 1 శాతం కంటే తక్కువ అన్న మాట. వందలో ఒకటికి కొంచెం తక్కువా, వెయ్యిలో ఒకటా, పదివేలల్లో ఒకటా? అది తేలదు. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ఘోరం. ఏటా సెప్టెంబర్ ప్రాంతంలో కొత్త ఆట వస్తుంది. పాత ఆటలో కట్టుకున్న జట్టు కొత్తదాంట్లోకి రాదు. ఏడాదంతా పోగేసింది వదిలేసి మళ్లీ సున్నా నుంచి మొదలు. స్నేహితులందరూ కొత్తదానికి వెళ్లిపోయాక పాతదాంట్లో ఒక్కడే కూర్చుని ఏం చేస్తాడు?

ఈ వ్యాపారం ఎంత పెద్దదో ఈఏ లెక్కల్లోనే ఉంది. 2021 మార్చితో ముగిసిన ఏడాదికి కంపెనీ ఆదాయం సుమారు 563 కోట్ల డాలర్లు. అందులో అన్ని ఆటల అల్టిమేట్ టీమ్‌ల నుంచే 162 కోట్ల డాలర్లు వచ్చాయి. ప్రతి నూరు డాలర్లలో 29. అదీ ఆటకు కట్టిన ధర కాదు, ఆట కొన్నాక లోపల పెట్టిన ఖర్చు. ఇంత పాలిచ్చే గేదెను ఏ వ్యాపారి వదులుకుంటాడు?

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 2011 నాటి మాట ఒకటి గుర్తు చేసుకోవాలి. అప్పటి సీఈఓ జాన్ రిచిటెల్లో వాటాదారుల సమావేశంలో ఓ ఉదాహరణ ఇచ్చాడు. ఆరు గంటలుగా యుద్ధం ఆటలో మునిగిపోయినవాడి తుపాకీలో తూటాలు అయిపోయాయి, మళ్లీ నింపుకోవడానికి ఒక డాలర్ అడిగితే, ఆ క్షణంలో అతను ధర గురించి పెద్దగా ఆలోచించడని ఆ మాటల సారాంశం. తూటాలకు డాలర్ వసూలు చేసే ఆట ఈఏ తేలేదు, అది నిజం. కానీ మనిషి మునిగిపోయి ఉన్న క్షణం చూసి అడగాలి అన్న ఆ లెక్క గేమర్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

2017 నవంబర్‌లో ఆ కోపం బద్దలైంది. స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదలకు ముందు, డార్త్ వేడర్ లాంటి పేరున్న పాత్రగా ఆడాలంటే 60 వేల క్రెడిట్లు కూడబెట్టాలని తేలింది. ఒక్క పాత్రకు దాదాపు 40 గంటల ఆట అని గేమర్లు లెక్కకట్టారు. 80 డాలర్లు పెట్టి ఆట కొన్నాక ఇదేమిటని రెడ్డిట్‌లో ఒకరు అడిగితే, కష్టపడి సాధించామన్న గర్వం ఆటగాళ్లకు కలగాలనే అలా పెట్టామని ఈఏ జవాబిచ్చింది. ఆ జవాబుకు 6 లక్షల 60 వేలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. రెడ్డిట్ చరిత్రలోనే అత్యధిక వ్యతిరేకత పొందిన వ్యాఖ్యగా గిన్నిస్ బుక్‌కు ఎక్కింది. వెంటనే ఆ 60 వేలను 15 వేలకు తగ్గించారు. విడుదలకు కొన్ని గంటల ముందు, డబ్బుతో కొనే ఏర్పాటునే ఆపేశారు.

మరి ఇది జూదమా?

బెల్జియం అవునంది. 2018 ఏప్రిల్‌లో అక్కడి జూద నియంత్రణ సంస్థ ఫిఫా 18తో పాటు మరికొన్ని ఆటల్లోని లూట్ బాక్సులు జూదమేనని చెప్పింది. కొన్నాళ్లు మొరాయించి, 2019 జనవరి చివరికల్లా ఈఏ ఆ దేశంలో పాయింట్ల అమ్మకం ఆపేసింది. నెదర్లాండ్స్‌లో ఒక కోటి యూరోల జరిమానా వేశారు, 2020లో కింది కోర్టు సమర్థించింది, 2022 మార్చిలో పై కోర్టు కొట్టేసింది. ప్యాకెట్ తెరవడం ఒక్కటే వేరుగా ఉన్న ఆట కాదు, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో భాగం అని ఆ కోర్టు అభిప్రాయం. 2019లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు ఈఏ ప్రతినిధి వీటిని లూట్ బాక్సులు అనం, సర్‌ప్రైజ్ మెకానిక్స్ అంటాం అన్నారు. కిండర్ ఎగ్‌తో పోల్చారు. మన పిల్లలు కొనే కిండర్ జాయ్ అన్న మాట. అందులో బొమ్మ నచ్చకపోయినా చాక్లెట్ మాత్రం తప్పకుండా ఉంటుంది. తిన్నాక ఏడాదికోసారి వచ్చి ఎవరూ వెనక్కి అడగరు. కమిటీ ఆ పోలికకు కరగలేదు, చట్టం కిందికి తేవాలని సిఫార్సు చేసింది. 2022లో ప్రభుత్వం మాత్రం చట్టం మార్చబోమంది.

మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రధానంగా డబ్బు గెలుస్తామనే ఆశతో పందెం కాసే ఆటల మీద గురిపెట్టింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన సవరణలు కూడా రమ్మీలాంటి పందేల కోసమే. కార్డుల ప్యాకెట్‌లో గెలిచింది తిరిగి రూపాయలుగా మారదు కాబట్టి కంపెనీలకు చెప్పుకోవడానికి సాకు ఉంది. మన ఇళ్లలో జువా అన్న మాటకు ఎంత బరువుందో తెలిసిందే. డబ్బు కడతాం, ఏమొస్తుందో తెలియదు, ఎక్కువసార్లు ఏమీ రాదు. దీన్ని ఏమనాలో ఇంట్లో పెద్దలు, ఆలిమ్‌లు చెప్పాలి. కోర్టులే ఒక మాట మీద లేనప్పుడు నేను తీర్పు ఇవ్వను.

ఈ మధ్య ఇంకో పరిణామం. 2025 సెప్టెంబర్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి పీఐఎఫ్, అమెరికాకు చెందిన సిల్వర్ లేక్, ట్రంప్ అల్లుడు జారెడ్ కుష్నర్‌కు చెందిన అఫినిటీ పార్ట్‌నర్స్ కలిసి ఈఏను 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించాయి. డిసెంబర్‌లో వాటాదారులు సరేనన్నారు. ఇందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. రియాద్‌లో, జిద్దాలో పనిచేసే మనవాళ్లకు ఇది ఆసక్తికరమైన వార్తే. గేమర్ల భయం మాత్రం ఆ అప్పు గురించే. దానికి వడ్డీ ఎవరు కడతారు? ప్యాకెట్ల మీద ఇంకా పిండుతారా, ఉద్యోగులను తీసేస్తారా? ఇంకోటి, కంపెనీ స్టాక్ మార్కెట్ నుంచి బయటికొస్తే, పైన చెప్పిన 29 శాతం లాంటి లెక్కలు జనం ముందు పెట్టాల్సిన అవసరం కూడా తగ్గుతుంది.

ఈఏ మంచి ఆటలు చేయలేదా అంటే చేసింది. 2021లో ఈఏ పేరు మీద వచ్చిన ఇట్ టేక్స్ టూ ఇద్దరు కలిసి ఆడాల్సిన ఆట. ఒకరు కొంటే రెండోవాళ్లు ఉచితంగా ఆడొచ్చు. 2019లో వచ్చిన స్టార్ వార్స్ జెడై ఆటలో ప్యాకెట్లూ లేవు, పాయింట్లూ లేవు, అయినా బాగా అమ్ముడుపోయింది. గేమర్ల తప్పు కూడా లేకపోలేదు. అక్టోబర్‌లో తిట్టి, మళ్లీ సెప్టెంబర్‌లో మొదటి రోజే కొనేది వాళ్లే. కోపంలో ఉద్యోగులను బెదిరించిన సంఘటనలూ ఉన్నాయి. దాన్ని సమర్థించలేం.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. ఫోన్‌లో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఉంటే పిల్లాడికి వేరే ఖాతా తెరిచి ఖర్చుకు హద్దు పెట్టొచ్చు, సున్నా అని కూడా పెట్టొచ్చు. కార్డు నంబర్, యూపీఐ పిన్ పిల్లల ఎదుట కొట్టకండి, వాళ్లకు ఒక్కసారి చూస్తే చాలు. పొరపాటున డబ్బు పోతే ప్లే స్టోర్‌లో 48 గంటల్లోపు వాపసు అడగండి. ఆలస్యమైతే గేమ్ కంపెనీ గడప తొక్కాల్సి వస్తుంది.

మా మేనల్లుడిని నేను తిట్టలేదు. ఓ కాగితం ఇచ్చి, ఎన్ని ప్యాకెట్లు తెరిచాడో, ఎందులో ఎవరొచ్చారో రాయమన్నాను. పద్నాలుగు లెక్క తేలాయి. పేర్లు మూడో నాలుగో గుర్తొచ్చాయి, మిగతావి ఎవరో వాడికే తెలియదు. కాసేపు ఆ కాగితం వైపు చూసి, "మామూ, ఈ డబ్బుకు నిజం ఫుట్‌బాల్ షూస్ వస్తాయా?" అని అడిగాడు. వస్తాయన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.